రాబోవు కూడికల పట్టిక: వెబ్‌సైటులో దానిని సరిగా ఉంచు విధము



ఈ సంచికలోని పాఠము ముఖ్యముగా మన సంఘ కార్యదర్శుల కొరకును, సంఘ వెబ్‌సైటు చూచుకొను యౌవనస్థుల కొరకును వ్రాయబడినది. అయితే డీకనులు, స్త్రీల సమాజపు అధ్యక్షురాండ్రు కూడ దీనిని చదువవలెనని కోరుచున్నాను. కంప్యూటరు పని యౌవనస్థులది కావచ్చును గాని, ఏ కూడిక ఎప్పుడు, ఎక్కడ అని నిశ్చయించువారు పెద్దలే గదా.

పూర్వము మన ఊళ్ల నుండి బెంగళూరుకు ఉద్యోగ నిమిత్తము వచ్చు కుటుంబము స్వంత ఊరి అయ్యగారి యొద్ద నుండి ఒక ఉత్తరము తెచ్చుకొని, మెజెస్టిక్‌లో బస్సు దిగి, తెలుగు ఆరాధన ఎక్కడ జరుగునని అడుగుకొనుచు వచ్చెడివారు. ఇప్పుడు ఆ ఉత్తరము స్థానములో ఫోను ఉన్నది. వైట్‌ఫీల్డులోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో కాపురము పెట్టిన కొత్త దంపతులు శనివారము రాత్రి ఫోను తెరచి వెదకుదురు. సంఘము పేజీ కనబడును. దానిలో "రాబోవు కూడికలు" అను శీర్షిక క్రింద రెండేండ్ల క్రిందటి క్రిస్మస్ ఆరాధన కనబడినచో వారేమి తలంతురు? ఈ సంఘము మూతపడినదనియే తలంతురు. అంతకంటె నష్టము మరియొకటి కలదు. కూడిక వేరొక స్థలమునకు మారినను పేజీ మారలేదు. చంటిబిడ్డతో రెండు బస్సులు మారి వచ్చిన తల్లి తాళము వేసిన తలుపు చూచి తిరిగి వెళ్లును. ఆమె మరల వచ్చుననుకొనుట కష్టము. పాత ప్రకటనలతో నిలిచిపోయిన వెబ్‌సైటు కంటె వెబ్‌సైటు లేకపోవుటయే మేలని నా అభిప్రాయము, ఎందుకనగా లేనిచో కనీసము ఎవరికైన ఫోను చేసి అడుగుదురు.

అచ్చువేసిన కాగితము వంటి వెబ్‌సైటు

వెబ్‌సైటులు స్థూలముగా రెండు విధములు. ఒకటి, మనము తెరచినప్పుడెల్ల ఆ క్షణముననే పేజీ తయారు చేసి పంపునది. 2003లో ప్రారంభమైన వర్డ్‌ప్రెస్ ఈ తరగతికి చెందినది. రెండవది, పేజీలన్నిటిని ముందుగానే తయారు చేసి వరుసగా పెట్టియుంచునది. దీనినే స్టాటిక్ సైటు అందురు. ఈ రెండవ పద్ధతిలో పేజీలు తయారుచేయు పనిముట్లలో జెకిల్, హ్యూగో అనునవి ప్రసిద్ధమైనవి. జెకిల్‌ను 2008లో టామ్ ప్రెస్టన్-వెర్నర్ అనునతడు రూబీ భాషలో వ్రాసెను. హ్యూగో 2013లో వచ్చినది. అది గో అను భాషలో వ్రాయబడినది.

చిన్న సంఘములకు స్టాటిక్ సైటు మిగుల అనుకూలము. డేటాబేసు లేదు గనుక చెడిపోవునది తక్కువ. దొంగలు చొరబడుటకు ద్వారములు తక్కువ. గిట్‌హబ్ పేజెస్ వంటి చోట్ల దానిని ఉచితముగానే ఉంచవచ్చును. నెట్ నెమ్మదిగా ఉన్న చోట కూడ త్వరగా తెరచుకొనును. ఇన్ని మేళ్లున్నందుననే మన యౌవనస్థులు, అందులో అనేకులు సాఫ్ట్‌వేరు ఉద్యోగులే గనుక, దీనిని ఎంచుకొనుచున్నారు.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఆరాధన ముగిసిన తరువాత కార్యదర్శిగారు నిలువబడి ప్రకటనలు చదువుదురు. గడచిన వారము జరిగిపోయిన కూడికను ఆయన చదువరు, ఎందుకనగా ఈ దినము ఏ దినమో ఆయనకు తెలియును. కాని గోడమీద అంటించిన కాగితమునకు ఈ దినము ఏ దినమో తెలియదు. అది అంటించిన దినమున ఏమి చెప్పెనో, ఎవరైన చింపువరకు అదియే చెప్పును. స్టాటిక్ సైటు ఆ కాగితము వంటిది. జెకిల్ గాని హ్యూగో గాని పేజీ తయారుచేయు నిమిషమున "నేడు" అను తేదీని చూచును. పేజీ తయారైన తరువాత దానికి కాలము తెలియదు. నవంబరు 1న పేజీ తయారు చేసి, మరల జనవరి 15 వరకు ఎవరును ముట్టనియెడల, ఆ పేజీ దృష్టిలో జనవరి 15 నాడు కూడ నవంబరు 1వ తేదీయే. అందుచేత డిసెంబరు 20న జరిగిన పాటల ఆరాధన ఇంకను "రాబోవునది"గానే ఉండును.

ఈ ఒక్క సంగతి బాగుగా మనస్సున పట్టినచో మిగిలిన పాఠమంతయు సులభము.

మొదటి పని: పట్టిక వ్రాయు విధము

కూడికలను పేజీలోనే నేరుగా టైపు చేయవద్దు. వాటిని ఒక ప్రత్యేకమైన ఫైలులో పట్టికగా ఉంచవలెను. జెకిల్‌లో దీని కొరకు డేటా అను ఫోల్డరు ఉన్నది. అందులో యామల్ అను రూపములో గాని, సి.ఎస్.వి. రూపములో గాని పట్టిక ఉంచవచ్చును. పేజీ యొక్క మూస ఆ పట్టికను చదివి, వరుస కట్టి చూపించును. పట్టిక ఒకచోట, దాని అలంకారము మరియొకచోట ఉండుట వలన, అలంకారము తెలియని కార్యదర్శి కూడ పట్టికను దిద్దగలరు.

ఒక కూడిక ఈలాగు ఉండవచ్చును. నిజమైన ఫైలులో ఎడమవైపు మాటలు ఇంగ్లీషు చిన్న అక్షరములలో ఉండుట మంచిది. మీకు అర్థమగుటకు తెలుగులో చూపుచున్నాను.

పేరు: "క్రిస్మస్ పాటల ఆరాధన"
మొదలు: "2026-12-20 17:00 +05:30"
ముగింపు: "2026-12-20 20:00 +05:30"
స్థలము: "సంఘ మందిరము"
స్థితి: "జరుగును"
గుర్తు: "2026-క్రిస్మస్-పాటలు"

తేదీకిని సమయమునకును నడుమ ఇంగ్లీషు పెద్ద అక్షరము 'టి' ఉంచుట ప్రమాణము. ఇక్కడ చదువుటకు వీలుగా ఖాళీ విడిచితిని.

మొదట సంవత్సరము, తరువాత నెల, తరువాత దినము ఎందుకు వ్రాసితిమి? మనము అలవాటుగా 20-12-2026 అని వ్రాయుదుము. కాని కంప్యూటరు దానిని కేవలము అక్షరములుగా పోల్చినప్పుడు 05-01-2027 అనునది 20-12-2026 కంటె ముందు వచ్చును, ఎందుకనగా సున్న రెండుకంటె చిన్నది. నూతన సంవత్సర కూడిక క్రిస్మస్‌కు ముందు కూర్చుండును! 2026-12-20 అని వ్రాసినచో అక్షరముల వరుసయు కాలముల వరుసయు ఒక్కటే అగును. ఇది ఐ.ఎస్.ఓ. 8601 అను అంతర్జాతీయ ప్రమాణము. 1988లో మొదట వెలువడినది. దీనిలో మరియొక మేలు కలదు. 04-05-2026 అనగా మనకు మే నెల నాలుగవ తేదీ. అమెరికాలోనున్న మన బిడ్డలకు ఏప్రిల్ ఐదవ తేదీ. 2026లో ఏప్రిల్ 5 ఈస్టరు ఆదివారము గనుక ఈ తారుమారు ఎంత గందరగోళము చేయునో ఊహించుకొనండి. 2026-05-04 అని వ్రాసిన దానిని ఎవరును రెండు విధములుగా చదువరు.

ఈస్టరు ప్రస్తావన వచ్చినది గనుక ఒక మాట. గత సంవత్సరపు పట్టికను నకలు తీసి సంవత్సరము మాత్రము మార్చు అలవాటు కొందరికి కలదు. క్రిస్మస్‌కు ఇది చెల్లును. ఈస్టరుకు చెల్లదు. అది 2025లో ఏప్రిల్ 20న, 2026లో ఏప్రిల్ 5న, 2027లో మార్చి 28న వచ్చును. మార్చి 22కు ముందుగాని ఏప్రిల్ 25కు తరువాతగాని రాదు. దానికి రెండు దినములు ముందు వచ్చు శుభ శుక్రవారము, వారము ముందు వచ్చు మట్టల ఆదివారము దానితో కూడ జరుగును. కావున ప్రతి సంవత్సరము జనవరిలోనే క్యాలెండరు చూచి ఈ తేదీలను పట్టికలో వ్రాసికొనవలెను.

సమయమునకు రెండు ప్రక్కల కొటేషను గుర్తులు పెట్టుట మరువవద్దు. యామల్ పాత నియమముల ప్రకారము 18:30 అని ఊరకనే వ్రాసినచో దానిని అరువదుల లెక్కగా తలంచి, నిమిషములనో సెకండ్లనో కట్టి, సంబంధములేని పెద్ద సంఖ్యగా మార్చు ప్రమాదము కలదు. కూడిక పేరులో రెండు చుక్కల గుర్తు ఉన్నను, కొటేషను లేనియెడల పట్టిక చదువబడదు.

తేదీ అను మాటతో వచ్చు తొట్రుపాటు

ఇక్కడ అనేకులు చిక్కుకొందురు గనుక కొంచెము నిలిచి వివరింతును. కొందరు ప్రతి కూడికకును ఒక వార్తవలె ఒక పేజీ వ్రాసి, దాని తేదీగా కూడిక జరుగు తేదీని ఇత్తురు. పేజీ తయారగును, కాని ఆ కూడిక ఎక్కడను కనబడదు. ఫైలు ఉన్నది, తప్పేమియు లేదు, కాని కనబడదు!

కారణమేమనగా, జెకిల్‌లో గాని హ్యూగోలో గాని వార్తకు ఇచ్చు తేదీ ప్రచురణ తేదీ. పత్రికలో వ్యాసము ఏ దినమున అచ్చగునో ఆ తేదీ అన్నమాట. తేదీ ఇంకను రాలేదంటే, "ఇది ఇంకను ప్రచురింపవలసిన సమయము కాదు" అని ఆ పనిముట్టు దానిని దాచియుంచును. అది తన పని సరిగానే చేయుచున్నది. భవిష్యత్తు తేదీలను కూడ చూపుమని ఆజ్ఞాపించు ఏర్పాటు రెండింటిలోను కలదు. కాని అది ఆన్ చేసినచో, వచ్చే నెలలో వెలువడవలసిన వార్తలు కూడ నేడే బయటపడును. కావున ప్రచురణ తేదీ వేరు, కూడిక తేదీ వేరు అని రెండు గళ్లు ఉంచుటయే సరియైన మార్గము. పైన చూపిన పట్టికలో "మొదలు", "ముగింపు" అని పేర్లు పెట్టినది ఇందుకొరకే.

హ్యూగోలో గడువు తేదీ అను మరియొక సౌకర్యమున్నది. ఆ తేదీ దాటిన పేజీని తరువాతి తయారీలో పూర్తిగా విడిచిపెట్టును. చూచుటకు ఇది మన పని కొరకే ఉన్నట్లుండును. నేను దీనిని మెచ్చను. జరిగిపోయిన కూడిక రాబోవు పట్టికలో నుండి పోవలెను గాని, లోకములో నుండి పోకూడదు. దానిని సంవత్సరము వారీగా "జరిగిన కూడికలు" అను పేజీకి మార్చవలెను. వలస వచ్చిన మన సంఘములకు మినిట్సు పుస్తకములు తప్ప వేరు చరిత్ర లేదు. అవియు ఇల్లు మారినప్పుడెల్ల ఒకటి పోవుచున్నవి. ఏ సంవత్సరము ఏ వాక్యోపదేశకులు వచ్చిరో, ఏ దినమున మందిరపు పునాది వేయబడెనో ఆ పేజీ వలన నిలుచును.

ముగింపు తేదీని చూడుడి

మూస పట్టికను చదువునప్పుడు ప్రతి కూడికను "నేడు"తో పోల్చి, ముగిసినవాటిని విడిచి, మిగిలినవాటిని వరుస కట్టును. ఇందులో మొదలు సమయమును గాక ముగింపును పోల్చవలెను. 2026 అక్టోబరు 9 శుక్రవారము మొదలుకొని 11 ఆదివారము వరకు ఉజ్జీవ కూడికలున్నవి అనుకొందము. మొదలు తేదీతో పోల్చినచో శనివారము ఉదయమునకే అవి పట్టికలో నుండి మాయమగును. శనివారము రాత్రి కూడికకు రాదలచినవాడు పేజీ తెరచి, ఏమియు లేదనుకొని ఇంటనే ఉండును.

పట్టిక ఖాళీ అయినప్పుడు ఏమి కనబడవలెనో కూడ ముందే వ్రాయుడి. శీర్షిక మాత్రముండి క్రింద తెల్లగా ఉన్నచో పేజీ చెడినదని తలంతురు. "ప్రస్తుతము ప్రత్యేక కూడికలు ప్రకటింపబడలేదు, ఆదివార ఆరాధన యథావిధిగా జరుగును" అని ఉండవలెను. ఆదివార ఆరాధన, బుధవార ప్రార్థన, నెలలో రెండవ శనివారపు స్త్రీల కూడిక వంటి నిత్యమైనవి తేదీల పట్టికలో వేయనక్కర లేదు. అవి వేరుగా పైన శాశ్వతముగా ఉండవచ్చును. ఏదైన ఒక వారము అవి జరుగనిచో, అది మాత్రము తేదీల పట్టికలో "ఈ వారము లేదు" అని రావలెను.

రాత్రివేళ తిరిగి తయారగుట

ఇప్పుడు అసలు చిక్కుకు మందు. పేజీకి కాలము తెలియదు గనుక, ప్రతి రాత్రి దానిని తిరిగి తయారు చేయించవలెను. దీని కొరకు మనుష్యుడు మేల్కొనియుండనక్కర లేదు. గిట్‌హబ్ యాక్షన్స్ అను ఏర్పాటులో ఒక సమయము వ్రాసి పెట్టినచో అదియే చేయును. సమయము వ్రాయు పద్ధతి యూనిక్సు కాలము నుండి వచ్చిన క్రాన్ పద్ధతి. ఐదు గళ్లు ఉండును: నిమిషము, గంట, తేదీ, నెల, వారము. చుక్క గుర్తు ఉన్నచో "ప్రతి" అని అర్థము.

40 18 * * *

అనగా ప్రతి దినము 18 గంటల 40 నిమిషములకు. అర్ధరాత్రి అనుకొంటిమి గదా, సాయంకాలము ఆరు గంటల నలువది నిమిషములేమి అని మీరు అడుగవచ్చును. ఇది మన గడియారము కాదు. ఇట్టి యంత్రములు సాధారణముగా యు.టి.సి. అను ప్రపంచ సమయమును అనుసరించును. భారత కాలమానము దానికంటె ఐదున్నర గంటలు ముందున్నది. బడిలో భూగోళము చదివినవారికి 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము జ్ఞాపకముండును. ఆ రేఖ మన కాకినాడ ప్రక్కగా పోవుచున్నది. 18:40కి ఐదున్నర గంటలు కలుపగా 24:10, అనగా మనకు అర్ధరాత్రి దాటి పది నిమిషములు. సరిగా 18:30 పెట్టక పది నిమిషములు విడిచినది ఎందుకనగా, తయారీ ఒక్క నిమిషము ముందు జరిగినను తేదీ మారదు. మరియు రద్దీ వేళలలో, ముఖ్యముగా గంట మొదట్లో, ఈ పనులు ఆలస్యము కావచ్చునని గిట్‌హబ్ వారే చెప్పుచున్నారు.

కాని ఇంకొక మెట్టు కలదు. బెంగళూరులో డిసెంబరు 21 తెల్లవారుజామున 12:10 అయినప్పుడు, ఆ యంత్రము గడియారములో ఇంకను డిసెంబరు 20 సాయంకాలమే. మూసలో "నేడు" అని అడిగినచో అది డిసెంబరు 20 అనును. మన శ్రమ వృథా. కావున జెకిల్, హ్యూగోల అమరిక ఫైలులో కాలమండలము ఆసియా/కోల్‌కతా అని (ఇంగ్లీషు అక్షరములలో) వ్రాయవలెను. బెంగళూరు అను పేరుతో కాలమండలము లేదు; దేశమంతటికిని కోల్‌కతా పేరే. దీనిని వ్రాసిన తరువాత ఒక రాత్రి పేజీని గమనించి చూచుట మంచిది.

అరువది దినముల సంగతి. అందరికిని తెరచియున్న గిట్‌హబ్ భాండారములో అరువది దినములు ఏ మార్పును లేకున్నచో, ఈ సమయ పట్టిక ప్రకారము జరుగు తయారీ దానంతట అదే నిలిచిపోవును. క్రిస్మస్ పనులు ముగిసి, సంక్రాంతికి ఊళ్లకు వెళ్లి, వచ్చి, పరీక్షల కాలము వచ్చునప్పటికి రెండు నెలలు ఎవరును ఆ వైపు చూడరు. మార్చిలో పేజీ మరల గోడమీది కాగితమగును. దీనికి యంత్రముతో ఉపాయములు లేకపోలేదు గాని, నెలకు ఒకసారైనను కార్యదర్శి పట్టికను తెరచి ఒక మాట దిద్దుటయే నాకు నచ్చిన ఉపాయము. పట్టికలో "చివరగా సరిచూచిన తేదీ" అని ఒక గడి ఉంచి, ప్రతి నెల కమిటీ కూడిన తరువాత ఆ తేదీని మార్చుడి. ఒక పనితో రెండు మేళ్లు.

ఆ గడి చేతితో వ్రాయవలసినదే. కొందరు పేజీ క్రింద తయారైన తేదీని దానంతట అదే వేయింతురు. ప్రతి రాత్రి తయారగుచున్నందున అది ప్రతి దినము క్రొత్త తేదీ చూపును. కాని ఆరు నెలలుగా ఏ మనుష్యుడును చూడలేదు. చదువరికి అది అబద్ధ సాక్ష్యము వంటిది.

చదువరి ఫోనులోనే దాచుట

రాత్రి తయారీకి తోడుగా మరియొక పద్ధతి ఉన్నది. ప్రతి కూడిక ప్రక్కన దాని ముగింపు సమయమును కనబడని విధముగా ఉంచి, జావాస్క్రిప్టు చిన్న తునుక ఒకటి వ్రాసినచో, పేజీ తెరచినవారి ఫోనులోనే ముగిసిన కూడికలు దాచబడును. రాత్రి తయారీ ఏ కారణముచేత నిలిచినను ఇది కాపాడును. రెండును ఉంచుట మంచిది. ఒకదాని మీదనే ఆనుకొనవద్దు.

ఇందులో ఒక సూక్ష్మము. జావాస్క్రిప్టులో 2026-12-20 అని తేదీ మాత్రమే ఇచ్చినచో, దానిని ప్రపంచ సమయపు అర్ధరాత్రిగా గ్రహించును. అనగా మనకు ఉదయము ఐదున్నర. ముగింపుగా ఆ తేదీ మాత్రమే వ్రాసినచో, డిసెంబరు 20 ఉదయము ఐదున్నరకే ఆ దినపు కూడిక ముగిసినదని తలంచి దాచును! సాయంకాలపు పాటల ఆరాధన ప్రొద్దు పొడవకమునుపే మాయమగును. అందువలననే పట్టికలో సమయముతో పాటు +05:30 అని వ్రాయించితిని. డల్లాస్‌లో ఉన్న కుమారుడు తెరచినను, ఇక్కడి తండ్రి తెరచినను లెక్క ఒక్కటే. పేజీలో సమయము చూపునప్పుడు కూడ "భారత కాలమానము" అని ఒక మాట చేర్చినచో, ఆన్‌లైనులో కలిసికొనువారికి సహాయము.

రద్దయినవాటిని తీసివేయవద్దు

వర్షము వలననో, మరణము వలననో కూడిక రద్దయినచో మన మొదటి తలంపు పట్టికలో నుండి కొట్టివేయుట. ఆలాగు చేయకూడదు. నిన్న చూచినవానికి కూడిక జ్ఞాపకమున్నది. నేడు చూడగా లేదు. పేజీ చెడినదేమో అనుకొని బయలుదేరును. దానిని అక్కడనే ఉంచి, "స్థితి" గడిలో "రద్దు" అని వ్రాసి, పేరు మీదనే స్పష్టముగా కనబడునట్లు చేయవలెను. తేదీ మారినచో పాత తేదీని కూడ కొట్టివేసినట్లు చూపి, ప్రక్కన క్రొత్తది చూపవలెను. గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూ వారు కలిసి 2011లో ప్రారంభించిన స్కీమా పద్ధతిలో కూడ రద్దు, వాయిదా, తేదీ మార్పు అని వేర్వేరు గుర్తులున్నవి. వాటిని పేజీలో ఉంచినచో వెదకు యంత్రములు కూడ గ్రహించును.

"గుర్తు" అను గడి ఎందుకో ఇంతవరకు చెప్పలేదు. అదే పట్టిక నుండి ఐక్యాలెండర్ అను ఫైలు కూడ తయారు చేయవచ్చును. 2009లో స్థిరపడిన ప్రమాణమది. సభ్యులు తమ ఫోను క్యాలెండరులో ఒకసారి దానిని చేర్చుకొన్నచో, తరువాత సంఘము చేయు మార్పులు వారి ఫోనునకు వాటంతట అవే చేరును. ఎంత తరచుగా అనునది ఆయా ఫోనును బట్టి యుండును. ప్రతి కూడికకును మారని గుర్తు ఒకటి ఉండవలెను. తేదీ మారినను గుర్తు మారనియెడల ఫోనులోని పాత కూడికయే క్రొత్త తేదీకి జరుగును. గుర్తు మారినచో రెండు కూడికలు కనబడి కలవరము. మరియు సమయము లేక దినములు మాత్రమే ఇచ్చు కూడికలకు, ఆ ఫైలులో ముగింపు తేదీ మరునాటిది వ్రాయవలెను. అక్టోబరు 9 నుండి 11 వరకైనచో ముగింపు 12. ఇది విచిత్రముగా తోచును గాని నియమము అదే. 11 వ్రాసినచో ఆదివారము రాలిపోవును.

గృహ కూడికల విషయములో జాగ్రత్త

ఇది సాంకేతికము కాదు గాని అన్నిటికంటె ముఖ్యము. గృహ ప్రార్థన కూడికల ప్రకటనలో ఇంటి వారి పేరు, తలుపు సంఖ్య, ఫోను నంబరు బహిరంగ పేజీలో వేయవద్దు. మందిరములో చదువు ప్రకటన వినువారు నూరుమంది, వారందరు తెలిసినవారు. వెబ్‌సైటు చదువువారు ఎవరో మనకు తెలియదు. ఒంటరిగా జీవించు విధవరాండ్ర ఇండ్లు, అద్దె ఇండ్లలో ఉండి యజమాని మాటకు భయపడువారి ఇండ్లు మన మధ్య ఎన్నియో కలవు. "మారతహళ్లి ప్రాంతపు గృహ కూడిక, చిరునామా కొరకు కార్యదర్శిని అడుగుడి" అని చాలును. తరువాత తీసివేయవచ్చునులే అనుకొనవద్దు. గిట్ పద్ధతిలో ప్రతి మార్పును దాచియుంచబడును; పేజీలో నుండి తీసివేసినను, తెరచియున్న భాండారపు పాత ప్రతులలో అది నిలిచియే యుండును.

తెలుగు అక్షరముల మాట

మన పత్రికలు, ఆహ్వాన పత్రికలు అనేకము ఇప్పటికిని అను ఫాంట్లలో టైపు చేయబడుచున్నవి. ప్రెస్సువారు ఇచ్చిన ఆ ఫైలు నుండి నకలు తీసి వెబ్‌సైటులో అతికించినచో ఇంగ్లీషు అక్షరముల పిచ్చిగీతలు వచ్చును. వెబ్‌సైటుకు యూనికోడు తెలుగు కావలెను. యూనికోడులో తెలుగు 1991 నుండియే ఉన్నది. కార్యదర్శులు ఫోనులో తెలుగు కీబోర్డుతో టైపు చేయునది యూనికోడే గనుక భయము లేదు. యామల్ వలదనుకొని గూగుల్ షీట్‌లో పట్టిక నింపి సి.ఎస్.వి.గా తీసికొనువారు, తేదీ గడిని ముందుగానే సాధారణ అక్షరములుగా అమర్చుకొనవలెను. లేనియెడల షీట్ తనకిష్టమైన రూపములోనికి తేదీలను మార్చును. ఎక్సెల్ వాడువారు దాచునప్పుడు యు.టి.ఎఫ్-8 ఎంచుకొననిచో తెలుగంతయు ప్రశ్నార్థకములుగా మారును.

అభ్యాసము

ఈ ప్రశ్నలను కార్యదర్శియు, యౌవనస్థులును కలిసి కూర్చుండి, కంప్యూటరు తెరువకుండ కాగితముపై చేయవలెను.

మీ సంఘములో రాబోవు మూడు నెలల కూడికలను పై విధముగా గళ్లు గీసి వ్రాయుడి. ప్రతి దానికిని ముగింపు సమయము దొరకినదా? దొరకనిచో దానిని ఎవరు నిశ్చయించవలెను?

ఒక సంఘము వారు క్రాన్ గళ్లలో 0 0 * * * అని వ్రాసిరి. యంత్రము యు.టి.సి. గడియారమును అనుసరించుచున్నది. బెంగళూరులో ఎన్ని గంటలకు పేజీ తయారగును? శనివారము రాత్రి ముగిసిన కూడిక, ఆదివారము తెల్లవారుజామున నాలుగు గంటలకు చూచినవారికి ఎట్లు కనబడును?

క్రొత్తగా వచ్చిన ఒక సహోదరునికి మీ పేజీని ఫోనులో చూపి, ఏమియు చెప్పక, "వచ్చే కూడికకు ఎప్పుడు, ఎక్కడకు రావలెను?" అని అడుగుడి. ఆయన ఎక్కడ తడబడెనో వ్రాసికొని, ఆ గడిని మొదట దిద్దుడి.